వదిన శత్రువుకు తిండి పెట్టినవాణ్ణి

మొన్న పొద్దున, మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచ బస్టాండు దగ్గర చాయ తాగుతూ మరాఠీ పేపరు తిరగేస్తుంటే, కాన్సరు గడ్డలోని మూలకణాలను సీసాల్లో పెంచే కొత్త పద్ధతి వచ్చిందనీ, అవి ఉండలు కట్టి నీళ్ళలో తేలుతూ పెరుగుతాయనీ ఒక వార్త కనబడింది. పక్కన వేసిన బొమ్మ చూద్దును కదా, అది ఏ ఉండా కాదు, మామూలు రక్తపు చుక్క. నాకు ఒళ్ళు మండింది. కొత్త పద్ధతి ఏమిటి, నా జుట్టు నల్లగా ఉన్నప్పటి పద్ధతి! నాలుగు మాటలు దులిపేద్దామని ఇంటికొచ్చి కాగితం ముందేసుకున్నాను గానీ, కోపం కాస్త దిగాక కలం వేరే దారి పట్టింది. తప్పు బొమ్మలు వేసేవాళ్ళను తిట్టడానికి ఇంకా చాలా పొద్దులున్నాయి. మన వయసువాళ్ళతో చెప్పుకోవలసింది మా వదిన సంగతి.

నేను బడిలో చదివింది కొంచెమే, అదీ మరాఠీలో. తెలుగు అక్షరాలు మా అమ్మ దిద్దించింది. ఇంగ్లీషు మాత్రం నాగపూర్‌లో ఒక పెద్ద ఆసుపత్రి ప్రయోగశాలలో సీసాలు కడిగే పనికి కుదిరాక, ఆ సీసాల మీది చీటీలు చదివి, తెలియనిది నిఘంటువులో వెతికి, అడిగినవాణ్ణీ అడగనివాణ్ణీ విసిగించి నేర్చుకున్నాను. సీసాలు కడిగేవాణ్ణి కొన్నేళ్ళకు సీసాల్లో కణాలను పెంచేవాణ్ణయ్యాను.

ఆ పని చూడముచ్చటైనది. ఆపరేషను గదిలోంచి గోరంత గడ్డ ముక్క చల్లటి డబ్బాలో వచ్చేది. దాన్ని బ్లేడ్లతో సన్నగా తరిగి, కణాలను పట్టి ఉంచే జిగటను కరిగించే మందులో నానబెట్టి, సన్నటి జాలీలో వడగట్టి, గులాబీ రంగు పోషక ద్రవంలో వేసేవాళ్ళం. అందరూ చేసే పద్ధతిలో అయితే దూడ రక్తం నుంచి తీసిన సీరం కలిపేవారు, కణాలు సీసా అడుగున అతుక్కుని చాపలా పరుచుకునేవి. మా ప్రయోగశాల నడిపే డాక్టరు మేడం పద్ధతి వేరు. సీరం బందు, పైగా ఏదీ అంటుకోకుండా సీసా అడుగుకు సముద్రపు పాచి నుంచి తీసే అగరు పూత. నిలబడడానికి నేల దొరక్క చాలా కణాలు చచ్చిపోయేవి. నేల లేకపోయినా బతకగలిగిన కొన్ని మాత్రం, ఒక్కటి రెండై, రెండు నాలుగై, చివరికి ఉండ కట్టేవి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఉడికిన సగ్గుబియ్యం గింజల్లా ఉండేవి. ఆ ఉండను విడగొట్టి వేస్తే మళ్ళీ ఉండలు కట్టాలి. అప్పుడే అవి గడ్డను తిరిగి పుట్టించగల మూలకణాలని మేడం నమ్మేది. గులాబీ ద్రవం పసుపు తిరిగిందంటే అవి తిండి తినేశాయని అర్థం. పాతది తీసి కొత్తది పోయాలి. దాన్ని మేము తిండి పెట్టడం అనేవాళ్ళం. పండుగైనా పబ్బమైనా తిండి పెట్టాల్సిందే.

ఈ మాట సిరోంచకు చేరి నాకు ఎంత అప్రతిష్ఠ తెచ్చిందో చెప్పలేను. నేను కాన్సరును సాకుతున్నానని ఊరంతా అనుకుంది. సెలవుకు వస్తే మంగలి నాకోసం వేరే కత్తి తీసేవాడు. అంటుకునే రోగం కాదయ్యా అని నిలబెట్టి చెబితే, తల ఊపి, రెండడుగులు వెనక్కి జరిగేవారు. మా అన్న కిరాణా దుకాణం ముందు ఇదే విషయం మీద ఎందరితో గొంతు చించుకున్నానో!

అలాంటి రోజుల్లో మా వదినకు రొమ్ములో గడ్డ లేచింది. ఆమె నాకంటే బాగా పెద్దది, ఆసరెల్లి పక్క వ్యవసాయం చేసే ఇంటి పిల్ల. మా అమ్మ పోయాక నన్ను తిట్టి, తినిపించి పెద్దచేసింది ఆమే. అన్న ఆమెను మా ఆసుపత్రికే తెచ్చాడు. ఆపరేషను అయింది. తీసిన గడ్డలో చిన్న ముక్క పరిశోధనకు ఇస్తారా అని మేడం అడిగితే, పక్కన నేనున్నాననే ధైర్యంతో వదిన విషయం సగమే విని సంతకం పెట్టేసింది. ఆ తరువాత సెలైన్లలో మందు ఎక్కించడం మొదలైంది. జుట్టు రాలింది, నోరు పూసింది, ఆలపల్లి అడవి గుండా ఆ గుంతల రోడ్డు మీద ప్రతిసారీ అంత దూరం రావడం ఇంకో రోగం. ఇంకా చాలా సెలైన్లు మిగిలి ఉండగానే, గడ్డ పోయింది కదా, ఇక రాను అని కూర్చుంది.

అంతలో ఎవరో పుణ్యాత్ముడు ఆమె చెవిన వేశాడు, తీసిన ముక్క నాగపూర్‌లో సీసాలో బతికే ఉందనీ, మరిదే దానికి తిండి పెడుతున్నాడనీ. అక్కడ అది పెరిగితే ఇక్కడ తనలోనూ పెరుగుతుందని వదినకు గట్టిగా తోచింది. అన్న ఫోను చేసి, మీ వదిన బయలుదేరింది, సెలైనుకు కాదు, ఆ సీసా పగలగొట్టించడానికి అని చెప్పాడు. గొంతులో నవ్వు లేదు. మందు మధ్యలో వదిలేస్తే ఏమవుతుందో నేను ప్రయోగశాలలో ఎన్నిసార్లు విన్నానో, అవన్నీ ఆ ఒక్క క్షణంలో గుర్తొచ్చాయి.

తలకు కొంగు బిగించి కట్టుకుని, వదిన ప్రయోగశాల గుమ్మంలో నిలబడి నన్ను చూసి అన్నది: "చిన్నప్పుడు నీకు నేను తినిపిస్తే, ఇప్పుడు నువ్వు నా పగదానికి తినిపిస్తున్నవా?"

నేను శాస్త్రం ఎత్తుకున్నాను. శరీరం నుంచి విడిపోయిన కణానికీ నీకూ ఏ సంబంధమూ లేదని, అన్నేళ్ళ చదువంతా కుమ్మరించి చెప్పాను. వదిన నా ముఖం కేసి కూడా చూడలేదు. మేడం మాత్రం వాదించలేదు. బయటి గదిలోని సూక్ష్మదర్శిని ముందు స్టూలు వేసి కూర్చోబెట్టింది. సీసాల మీద అంకెలే ఉంటాయి, ఏది ఎవరిదో మాకూ తెలియదు, ఇది మీది కాకపోవచ్చు అని మరాఠీలో చెప్పింది. నేను తెలుగు చెయ్యబోతే, ఆమె మాట నాకు తెలుస్తున్నది, నువ్వు జర ఊకో అని వదిన కసిరింది.

సీసాలోంచి తీసి వేసిన మొదటి పళ్ళెంలో కణాలు కిక్కిరిసి ఉన్నాయి. రెండోది మందు పోసిన పళ్ళెం: అంతా పొట్టూ చెత్తా, మధ్యలో అక్కడొకటీ ఇక్కడొకటీ తెల్లటి ఉండలు. మందుకు ఇంతమంది చచ్చారు, ఇవి మాత్రం దాక్కున్నాయి, మందు ఆగగానే మళ్ళీ మంద కడతాయి, వీటిని పూర్తిగా చంపే మందు మా దగ్గర ఇంకా లేదు, అదే వెతుకుతున్నాం, అప్పటిదాకా ఇవి లేచినప్పుడల్లా కొట్టడమొక్కటే మన చేతిలో ఉంది అని మేడం ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

వదిన చాలాసేపు కన్ను తియ్యలేదు. తరువాత నెమ్మదిగా, "తుంగ గడ్డి లెక్క," అన్నది. "పైన పీకితె పోదు. కింద గడ్డ ఉంటది. మొలిచినప్పుడల్ల పీకాలె."

అది ఎవరి సీసా అయితేనేం, తనదేనని ఆమె తీర్మానించుకుంది. దాన్ని చూస్తూ కాసేపు మా ఊరి తెలుగులోనూ తన పుట్టింటి యాసలోనూ తిట్టింది. ఏమంటోందని మేడం నన్నడిగితే, తర్జుమాకు లొంగదన్నాను. లేస్తూ లేస్తూ నావైపు తిరిగి, "దాన్ని సావనియ్యకు. మందు దొరికేదాక సాకు," అని హుకుం జారీ చేసింది. ఆ మధ్యాహ్నమే సెలైను మంచం మీద పడుకుంది. మిగిలినవన్నీ పూర్తి చేసింది. ఆ ఏడంతా అన్న దుకాణం నుంచి ఫోను, అది తిన్నదా అని. సీసాలన్నీ బాగున్నాయి వదినె అనేవాణ్ణి. నిజానికి వచ్చిన ముక్కల్లో చాలావరకు ఉండ కట్టకుండానే పోయేవి. ఆమెది బతికిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆమె మాత్రం బతికింది, జుట్టు మునుపటికంటే ఒత్తుగా వచ్చింది, ముదివయసులో మూడేళ్ళ కిందట నిద్రలోనే వెళ్ళిపోయింది. ఆ నడిమి కాలమంతా చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు గడ్డలు దాచుకుని ఆమె అరుగు మీదికి వచ్చేవారు. మరిది తన శత్రువును సీసాలో కట్టేసి సాకాడనీ, దాన్ని తాను కళ్ళారా చూసి తిట్టి వచ్చాననీ చెప్పి, తానే వాళ్ళను ఆసుపత్రికి బస్సెక్కించేది. ఒక్క ముక్క కూడా సరిగ్గా చెప్పదే అని, సెలవుకు వచ్చిన నేను లోపల కూర్చుని పళ్ళు కొరికేవాణ్ణి.

ఇప్పుడు ఆ పనికి యంత్రాలొచ్చాయట. మెరిసే రంగు అంటించి మూలకణాన్ని ఒక్కొక్కటిగా ఏరుతాయట, అంటుకోని సీసాలు ఫ్యాక్టరీలోనే తయారై వస్తాయట. బయటివాళ్ళను ఆ గదుల దరిదాపుల్లోకి రానివ్వరు, అది సబబే. రిపోర్టు ఫోనులోకి వస్తుంది, దాన్ని చూసి తిట్టలేరు. ఆడవాళ్ళు ఇప్పుడు, పని మానుకుని ఊరు చేరిన నా దగ్గరికి వస్తున్నారు. మొదట్లో బొమ్మ గీసి, తూచినట్టు సరైన మాటలే చెప్పాను. శ్రద్ధగా విని, దండం పెట్టి, ఇంటికే పోయేవారు.

పోయిన నెల పాతగూడెం నుంచి ఒకామె వచ్చి, దానికి తిండి పెట్టింది నువ్వేనా అని అడిగింది. దానికి కాదమ్మా, అసలు విషయం ఏమిటంటే అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. అవును, నేనే అన్నాను. ఆమె సంచీ భుజాన వేసుకుని బస్సు ఎన్నింటికి అని అడిగింది.

జీవితమంతా మాటలు పోగుచేసుకున్నవాణ్ణి. ఒక మనిషిని బస్సెక్కించాలంటే మాత్రం వదిన మాట అరువు తెచ్చుకోవలసి వస్తోంది.