డూఫీ నెత్తిన పడని పౌడర్

కుమాసి నగరంలోని మెకానిక్కుల వాడలో పని నేర్చుకున్నవాళ్లకు చివరి రోజున గురువు అందరి ముందూ నెత్తిన పౌడర్ చల్లుతాడు. ఆ తెల్లటి తలతో వీధంతా తిరిగాకే ‘మాస్టర్’ అన్న పిలుపు. డూఫీకి అది దక్కలేదు. ఆసియామా మాస్టర్ దగ్గర ఏళ్ల తరబడి కార్ల కింద పడుకుని, స్టీరింగ్ పనిలో చేయి తిరిగిన మనిషి ఆమె. పౌడర్ డబ్బా కూడా తనే కొని తెచ్చుకుంది. ఇంకో వారంలో ముచ్చట తీరుతుందనగా నోరు జారింది.

ఆ రోజు ఆసియామా ఒక టాక్సీవాడికి కొత్త స్టీరింగ్ పంపు అంటగడుతున్నాడు. “పంపు బాగానే ఉంది మాస్టర్. పైపు గాలి లాగుతోంది, అంతే,” అంది డూఫీ, మంచి మాటే చెబుతున్నాననుకుని. టాక్సీవాడు పకపకా నవ్వాడు. ఆసియామా ఆమె చేతిలోని స్పానర్ లాక్కున్నాడు.

“నా మాటకి అడ్డొచ్చినదానికి నా చేత్తో పౌడర్ పడదు, పో!” అని వీధిలోకి గెంటాడు.

ఇంకొకరు చల్లడానికి వీల్లేదు. నేర్పినవాడే చల్లాలి.

డూఫీ అదే వీధి చివర రేకుల షెడ్డు వేసుకుంది. ఆమె పని అందరికీ కావాలి, మర్యాద మాత్రం ఎవరూ ఇవ్వరు. బేరం తెగకపోతే చాలు, “పౌడర్ పడని పిల్లవి, నీకింత పొగరా?” అనేవారు. విన్నప్పుడల్లా డూఫీ అరమీదున్న, మూత తీయని పౌడర్ డబ్బా వైపు చూసి పళ్లు నూరేది. క్షమించడం గొప్ప గుణమే, ఎవరు కాదన్నారు? అది ఆమెకు లేదు.

ఒక శనివారం, వీధి ఇంకా మేలుకోకముందే ఆసియామా పాత కారు మూలుగుతూ వచ్చి ఆ షెడ్డు ముందు ఆగింది. ముసలాయన నల్లగుడ్డ కప్పుకుని ఉన్నాడు. మాంపాంగ్‌లో మేనమామ అంత్యక్రియలు. కుటుంబ పెద్ద తనే, వెళ్లకపోతే తల ఎత్తుకోలేడు. దారిలో కొండ మలుపులు, స్టీరింగ్ చూస్తే బిగుసుకుపోయింది. అప్పటికే పంపు రెండుసార్లు మార్చాడట.

“ఎవరూ రాకముందే చూసెయ్యవే డూఫీ.”

“కూర్చోండి మాస్టర్. కాస్త ఎంగిలి పడి వస్తా.”

పక్కనే బొబ్బర్లన్నం అమ్మే పోమా అక్క దగ్గర కూర్చుని నింపాదిగా తింది. వీధి నిండేదాకా తింది. అప్పుడు లేచి బానెట్ ఎత్తి, ఇంజన్ వేయించి, స్టీరింగ్ నూనె డబ్బా మూత తీసింది. లోపలంతా నురగ.

“పోమా అక్కా, ఓ చెంచా ఇయ్యి.”

పంపుకు వెళ్లే రబ్బరు పైపు అతుకు మీద చెంచాడు నూనె పోసింది. అతుకు సందు మూసుకుని మూలుగు ఆగింది. నూనె లోపలికి పోగానే మళ్లీ మొదలైంది.

“పంపుదేం తప్పులేదు మాస్టర్. పైపు గాలి లాగుతోంది,” అంది వీధంతా వినబడేలా.

ఆ మాట ఎప్పటిదో ఆయనకు గుర్తొచ్చింది.

కొత్త పైపు బిగించి, నూనె నింపి, ముందు చక్రాలు జాకీతో లేపింది. “లోపలి గాలి పోవాలి. ఎక్కి స్టీరింగ్ తిప్పండి.”

“నేనా? అది నేర్చుకునేవాళ్ల పని!”

“పౌడర్ పడనిదాని దగ్గర నేర్చుకోడానికి ఎవరొస్తారు మాస్టర్? ఎక్కండి.”

ఎక్కాడు. ఈ కొసనుంచి ఆ కొసకు తిప్పాడు. జనం మూగారు. “ఇంకా బుడగలొస్తున్నాయి,” అంటూనే ఉంది డూఫీ. బుడగలు ఎప్పుడో ఆగిపోయాయి. ఆయన చెమటతో తడిసి ముద్దవుతుంటే ఆమె కడుపు చల్లబడింది.

చివరికి జాకీ దించి ఇంజన్ వేస్తే స్టీరింగ్ ఒక్క వేలితో తిరిగింది. ఆసియామా దిగాడు. “నీదే నిజం. అప్పుడూ నీదే. పౌడర్ తే, నా చేత్తో చల్లుతా,” అన్నాడు గొంతు తగ్గించి.

డూఫీ డబ్బా తెచ్చింది. మూత తీసింది. అంతా ఆయన నెత్తిన గుమ్మరించింది.

“గాలి ఎక్కడ దూరుతుందో నేర్చుకున్నారుగా మాస్టర్. ఇక వెళ్లండి, మీ చదువు పూర్తయింది.”

తల, నల్లగుడ్డ అన్నీ తెల్లబడ్డ ఆ మనిషి కారెక్కి వెళ్లిపోయాడు.

“పిచ్చిదానా! చల్లుతానని తనే అన్నాడు కదే! ఇక నీకెవరు చల్లుతారే?” అని పోమా అక్క నెత్తి కొట్టుకుంది.

“ఎవరూ చల్లరు,” అంది డూఫీ, ఖాళీ డబ్బా మళ్లీ అరమీద పెడుతూ.