బోర్డు మీద రాసిన కూర

నిన్న లొట్టలేసుకుంటూ తిన్న కూరను, పేరు తెలియగానే ఆకలి మీదున్న మనిషి కూడా ఎందుకు వదిలేస్తాడు? ఇన్నేళ్లయినా ఈ ప్రశ్న తేలలేదు. వంటపిన్నికీ తేలలేదు.

బట్టలు కుట్టే ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పద్దెనిమిదేళ్లుగా ఆమెదే వంట. వానలు మొహం చాటేసిన ఆ ఏడు లారీ తెచ్చేవి గుమ్మడికాయలే. కాలానికి దొరికిందే కూర అనుకుని, కండ ఒకరోజు, సన్నగా తరిగి వేయించిన తొక్కలు మరునాడు, దంచిన గింజలు మూడోనాడు వడ్డించేది. చెత్తబుట్టకు పస్తే.

"పిన్నీ, ఈ కరకరలాడేదేంటోగానీ ఇంకో గరిటె వెయ్యి!" అనేవాళ్లు పనివాళ్లు.

"తిను, మాట్లాడకు," అనేది ఆమె.

కొత్తగా వచ్చిన మేనేజరు ఏ రోజు ఏం వండారో బోర్డు మీద రాయమన్నాడు. దానికేం భాగ్యమనుకుని గుండ్రటి అక్షరాలతో రాసింది: గుమ్మడి తొక్కల వేపుడు.

ఆ మధ్యాహ్నం కంచాలు నిండుగా తిరిగొచ్చాయి.

"పశువులకేసేది మాకేస్తావా?" అంది గుండీలు కుట్టే పిల్ల.

"మొన్న మూడుసార్లు అడిగి వేయించుకున్నావు కదే, అదీ ఇదే!"

"మొన్న తెలీదుగా!"

పిన్ని ఉప్పు చూసింది. సరిపోయింది. నమ్మకం కలగక మళ్లీ చూసింది. చివరికి రెండు బేసిన్ల వేపుడు తన చేతులతోనే పారబోసింది. ఆ ఏడు అదే మొదటిసారి.

"ఇంకొక్కసారి ఇలా పారబోస్తే వంటకి వేరేవాళ్లని చూసుకుంటానమ్మా," అన్నాడు మేనేజరు.

బట్ట కత్తిరించే మేస్త్రీ ఆమెకు మరిది వరస. నవ్వాడు.

"ఏం వదినా, సత్యవ్రతానికి క్యాంటీనే దొరికిందా? 'స్పెషల్ వేపుడు' అని రాసెయ్."

"అబద్ధం కదయ్యా?"

"మరి ఇన్నాళ్లూ చెప్పకుండా పెట్టావే, అదేంటి?"

పిన్ని లోలోపల లెక్కేసుకుంది. వాళ్లు అడగలేదు, తను చెప్పలేదు. అంతేనా? అడిగినప్పుడు కసిరి నోరు మూయించింది కూడా తనే కదా?

మళ్లీ తొక్కల వంతు వచ్చిన రోజు, బోర్డు ముందు నిలబడిపోయింది. నిజం రాస్తే కూర బుట్టపాలు, తను వీధిపాలు. రాయకపోతే? గంట కొట్టే వేళయింది. మేస్త్రీ ఆమె చేతిలోని సుద్దముక్క లాక్కుని 'స్పెషల్ వేపుడు' అని తనే రాసేశాడు. ఆమె వద్దనలేదు, సరేననలేదు.

"ఇదీ వేపుడంటే! ఆ రోజు గడ్డెక్కడ, ఇదెక్కడ?" అంది గుండీల పిల్ల, నోటినిండా కుక్కుకుని. మేనేజరూ మారు అడిగాడు. బేసిన్లు నాకినట్టు ఖాళీ అయ్యాయి. పిన్ని కోరుకున్నదీ అదే. కానీ నములుతున్న ఒక్కొక్క దవడనూ చూస్తుంటే తను గెలిచిందో, మోసం చేసిందో అంతుపట్టలేదు. గరిటె బేసిన్‌లో పడేసి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పిన్నీ, అడుగున ఏమైనా మిగిలిందా?" ఎవరో కేకేశారు.

అప్పటికి ఆమె వంటగది తాళాలు మేకుకు తగిలించి, పెరటి తలుపు దాటి, ఎవరితోనూ ఒక్క మాట చెప్పకుండా రోడ్డెక్కేసింది.