వాడితో చెప్పు

రియాద్‌లో నేను స్కూలు పిల్లల వ్యాను నడిపిన రోజుల్లో, వెనక సీట్లో పక్కపక్కనే కూర్చునే ఇద్దరు పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి నన్ను వాడుకునేవాళ్లు. వాళ్ల మధ్య మూరెడు దూరం కూడా ఉండేది కాదు. అయినా మాట ముందు నా దగ్గరికి రావాలి, నా నోటితో మళ్లీ వెనక్కి వెళ్లాలి.

"సదీక్, వాడితో చెప్పు, నా స్కేలు వాని సంచిల ఉన్నది."

"విన్నడు గదరా. మళ్ల నేనెందుకు?"

"నువ్వు చెప్తెనే లెక్క."

సరే అని చెప్పేవాణ్ని. అప్పుడు రెండోవాడు, ఆ సంగతి అప్పుడే తెలిసినట్టు, సంచీ తెరిచి స్కేలు తీసి సీటు మధ్యలో పెట్టేవాడు. మొదటివాడు తీసుకునేవాడు. ఇద్దరూ మొహాలు చెరో కిటికీకి తిప్పుకునేవాళ్లు.

సదీక్ అంటే స్నేహితుడని. మాలాంటి పనివాళ్లను పేరు అడిగే శ్రమ లేకుండా అక్కడ అలా పిలుస్తారు. అలా పిలిచేవాళ్లలో స్నేహం ఉన్నవాళ్లు తక్కువ. ఈ పిల్లలు మాట్లాడింది అరబ్బీయే అయినా, నా చెవికి ఎప్పుడూ మా జగిత్యాల తెలుగులాగే వినిపించేది. రాసేటప్పుడు కూడా అలాగే వస్తోంది.

ఇద్దరిదీ సిరియా. అక్కడ ఒకే ఊరు, ఒకే గల్లీ. పదేళ్ల పిల్లలు. ఒకడికి కళ్లద్దాలు, రెండోవాడు వయసుకు మించిన పొడుగు. నా మనసులో వాళ్ల పేర్లు కళ్లద్దాలోడు, పొడుగోడు. రియాద్‌లో కూడా ఒకే వీధిలో ఎదురెదురు బిల్డింగుల్లో ఉండేవాళ్లు. వాళ్ల నాన్నలు మొదట్లో సాయంత్రాలు కలిసి టీ తాగినవాళ్లే. తర్వాత సిరియాలో వాళ్లలో వాళ్లకు యుద్ధం ముదిరింది. ఒకాయన మనుషులు ప్రభుత్వం వైపు, ఇంకొకాయన తమ్ముడు తుపాకీ పట్టుకుని దానికి ఎదురు. ఒక శుక్రవారం వీధిలో అందరూ చూస్తుండగా ఇద్దరూ కాలర్లు పట్టుకున్నారు. ఇంటికెళ్లి ఎవరి కొడుకును వాళ్లు కూర్చోబెట్టి మాట తీసుకున్నారు: ఆ ఇంటి పిల్లవాడితో మాట్లాడకూడదు. ఇద్దరు కొడుకులూ మాట ఇచ్చారు.

వ్యాను మాత్రం ఎవరూ మాన్పించలేదు. మానితే వాళ్లే మానాలి, మేం మానం అని ఇద్దరు తండ్రులూ నాతో వేర్వేరుగా అన్నారు. ముందు తప్పుకోవడం ఇద్దరికీ నామోషీ. దాంతో రోజూ పొద్దున ఇద్దరూ నా బండే ఎక్కేవాళ్లు. గొడవైన రెండో రోజో మూడో రోజో ఈ ఉపాయం కనిపెట్టారు. డ్రైవరుతో మాట్లాడవద్దని ఏ తండ్రీ అనలేదు కదా.

వాళ్ల యుద్ధంలో ఎవరిది న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు. నాకు ఎవరిమీదా కోపం లేదు కానీ, ఈ రాయబారం మీద మాత్రం చిరాకు వచ్చేది. ఎందుకంటే అప్పటికే నా తల నా దగ్గర ఉండేది కాదు. నాది ఆజాద్ వీసా. కాగితం మీద నేను ఒక సౌదీ ఇంట్లో డ్రైవర్ని. ఆ ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లయ్యారు, నీ బతుకు నువ్వు బతుకు అని వీసా ఇచ్చిన కఫీల్ వదిలేశాడు. ఊరివాళ్ల పిల్లల్ని తిప్పడం చట్టం ప్రకారం తప్పే. నితాకత్ పేరుతో పరదేశీల ఏరివేత మొదలయ్యాక మా బోటివాళ్లకు కాలు ఒకచోట నిలిచేది కాదు. అద్దంలో తెల్ల కారు కనిపిస్తే చాలు, పోలీసులేమోనని పక్క సందులోకి తిప్పేసేవాణ్ని. అలాంటప్పుడు వెనక నుంచి "సదీక్, వాడితో చెప్పు, నిన్న మ్యాచి చూసిండా" అని వస్తే ఎలా ఉంటుంది? కసురుకునేవాణ్ని. వాళ్లు నోరు మూసుకుని నా కసురు అయ్యేదాకా ఆగి, మళ్లీ అదే మాట అనేవాళ్లు.

నా అరబ్బీ తప్పుల తడక. ఆడ మాట మగవాడికి, మగ మాట ఆడవాళ్లకు తగిలించేవాణ్ని. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చేది. కలిసి నవ్వితే మాట్లాడినట్టు అవుతుందేమోనని చెరో కిటికీలోకి తల పెట్టి నవ్వేవాళ్లు. ఆ నవ్వు కోసం నేను కావాలనే తప్పు మాట్లాడిన రోజులున్నాయి, ఒప్పుకుంటాను.

ఒకరోజు పొడుగోడు కళ్లు వాచిపోయి ఎక్కాడు. వాళ్ల చిన్నాన్న సిరియా యుద్ధంలో చనిపోయాడని వాళ్లమ్మ మెట్ల దగ్గర నాతో అంది. ఏ వైపువాళ్ల గుండు తగిలిందో చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. నేను బండి మెల్లగా పోనిచ్చాను. రెండు సిగ్నళ్లు దాటాక కళ్లద్దాలోడు ముందుకు వంగి నా చెవి దగ్గర అన్నాడు.

"వాడితో చెప్పు, ఇయ్యాల నుంచి నీడ దిక్కు కిటికీ వానిదే."

రియాద్ ఎండలో నీడవైపు కిటికీ అంటే మాటలు కాదు. దాని కోసమే అంతకుముందు రోజూ పేచీ. నేను చెప్పాను. సీట్లు మార్చుకున్నారు.

తర్వాత లెవీ వచ్చింది. భార్యాపిల్లలున్న ప్రతి పరదేశీ తల తలకూ నెలనెలా కట్టాలన్నారు. నా వ్యాను ఖాళీ అవుతూ వచ్చింది. ఈజిప్టు పిల్లలు వెళ్లారు, మన కేరళ పిల్లలు వెళ్లారు. కళ్లద్దాలోడి నాన్న నలుగురు పిల్లల్ని, భార్యను సూడాన్ పంపేస్తున్నానన్నాడు. సిరియావాళ్లను అప్పట్లో వీసా లేకుండా రానిచ్చే దేశం అదొక్కటే మిగిలిందట. ఆ తర్వాత ఆ దేశంలోనూ యుద్ధమొచ్చి ఏమైందో అందరికీ తెలుసు. వార్తల్లో సూడాన్ పేరు వస్తే నేను టీవీ కట్టేస్తాను.

వాడి ఆఖరి స్కూలు రోజు గురువారం. ఇంటికి తిరిగొస్తుంటే అన్నాడు.

"సదీక్, వాడితో చెప్పు. శనివారం అసర్ నమాజ్ అయినంక రొట్టెల దుకాణం ఎన్క ఉంట. మేం రాత్రికి పోతం."

చెప్పాను.

"వస్త అని చెప్పు," అన్నాడు పొడుగోడు.

అదీ చెప్పాను.

"నువ్వు గూడ రావాలె," అన్నాడు కళ్లద్దాలోడు. "నువ్వు లేకుంటే ఎట్ల?"

"ఇన్షాల్లా," అన్నాను. అక్కడ పనికి చేరిన మొదటి నెలలోనే నేర్చుకున్న మాట అది. కాదనే ధైర్యం లేని చోట మేమంతా అదే అంటాం.

వాడు ఊరుకోలేదు. "ఇన్షాల్లా కాదు. వస్త అను."

"వస్తరా," అన్నాను.

శుక్రవారం మనవాళ్లంతా చేరే బతా బజారులో మెస్సుకు వెళ్తే మా రూములో ఉండే నిజామాబాద్ అన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"రేపు బండి తియ్యకు. చెకింగ్ జోరుగున్నదట. దొరికితే తర్హీల్ జైల్ల ఏస్తరు, ఆడికెంచి సీదా ఇంటికే."

"చిన్న పనున్నది అన్న."

"ఏం పని?"

చెప్పాను. ఆయన అన్నం ముద్ద ప్లేట్లోనే వదిలి నా మొహం చూశాడు. "పోరగాండ్ల ముచ్చట కోసం వీసా పోగొట్టుకుంటవా?"

శనివారం అయినా బయల్దేరాను. పిల్లలున్న బండిని పోలీసులు సాధారణంగా ఆపరు, ఇన్నేళ్లు నన్ను కాచింది అదే. ఆ రోజు వ్యాను ఖాళీ. రొట్టెల దుకాణం ఇంకో రెండు మలుపులుందనగా సిగ్నల్ దగ్గర పోలీసు కారు ఉంది. నా ముందు బండివాడు కాగితాలు తీసి చూపిస్తున్నాడు. నేను వెనక్కి తిప్పేశాను. వేరే వీధిలోంచి వద్దామని చుట్టూ తిరిగి వచ్చాను. కారు అక్కడే ఉంది. మూడోసారి ఆ పక్కకు వెళ్లలేదు. బండి దిగి నడిచి వెళ్లొచ్చు, పది నిమిషాల దూరం కూడా లేదు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. భయం దాని నోరు నొక్కేసింది.

రూముకు వచ్చి టీ పెట్టుకుని తాగకుండా పారబోశాను. శుభ్రంగానే ఉన్న వ్యానును మళ్లీ కడిగాను. లోపలికీ బయటికీ తిరిగాను. మనసుకు ఒక సర్దుబాటు దొరికింది: పిల్లలు కదా, నేను లేకపోతే ఎంతసేపు ఆగుతారు, ఈపాటికి మాట్లాడేసుకుని ఉంటారు. నేను వెళ్లకపోవడమే మంచిదైంది, ఇద్దరి మధ్యా ఆ అడ్డు పోయింది. ఈ మాట నాకెంత నచ్చిందంటే, సాయంత్రం నిజామాబాద్ అన్నకు కూడా చెప్పాను. ఆయన నవ్వి అవునన్నాడు.

అక్కడ ఆదివారం స్కూలుంటుంది; పొద్దున పొడుగోడు ఒక్కడే ఎక్కాడు. తన సగంలోనే కూర్చున్నాడు. నేను వీధి దాటేదాకా కూడా ఆగలేకపోయాను.

"పోయినవా నిన్న?"

"పోయిన."

"వాడొచ్చిండా?"

"వచ్చిండు. మగ్రిబ్ దాక ఉన్నడు. వాళ్లమ్మ వచ్చి తీస్కపోయింది."

సాయంత్రం అసర్ నమాజ్ నుంచి పొద్దుగూకే మగ్రిబ్ నమాజ్ దాకా అంటే రెండు గంటలకు తక్కువ కాదు. నాకు ప్రాణం లేచొచ్చింది.

"అయితే మస్తు మాట్లాడుకున్నరన్నట్టు. ఏమన్నడు వాడు?"

వాడు అద్దంలో నావైపు చూశాడు. కోపంగా కాదు. నేనే వాణ్ని ఏదో తప్పు చేయమన్నట్టు చూశాడు.

"నువ్వు రాలేదు గద," అన్నాడు.