బఠానీలు ఒలిచే చేయి

ఎడిటింగ్ గదిలో ఆయన్ని అందరూ కత్తెర అనే పిలుస్తారు. ఫిల్మును నిజంగా కత్తిరించి అతికించే రోజుల్లో వచ్చిన పేరు. కత్తెర పోయి కంప్యూటర్ వచ్చినా పేరు మాత్రం వదల్లేదు. సినిమా మొదలు విషయంలో ఆయనకు దయాదాక్షిణ్యాలు లేవు. కొండలు, మబ్బులు, కథ చెప్పే గంభీరమైన గొంతు, ఏవి తెచ్చినా కొట్టిపారేసేవాడు. "టికెట్ కొన్నవాణ్ణి ఇంకా గుమ్మంలోనే నిలబెట్టి మీ వంశచరిత్ర చెబుతారేంటి?" అని దర్శకుల మొహం మీదే అనేవాడు.

ఇంత ధీమా వెనక ఒక రహస్యం ఉంది. ఏ సినిమాకైనా మొదలు తయారవగానే ఇంటికి తెచ్చి టీవీలో పెట్టేవాడు. భార్య పక్కన కూర్చుని బఠానీలో చిక్కుళ్లో ఒలుస్తూ చూసేది. ఆయన తెరవైపు చూసేవాడు కాదు, ఓరకంట ఆవిడ చేతులవైపు చూసేవాడు. చేయి ఆగిందంటే మొదలు కుదిరినట్టు. ఆగకపోతే మర్నాడు మళ్లీ కోత. ఈ పరీక్ష సంగతి ఆవిడకు తెలియదని ఆయన గట్టి నమ్మకం. పెళ్లయిన కొత్తలో, ఇదీ కుదరకపోతే అన్నయ్య కొట్లో కూర్చోవడమే అనుకుంటున్న రోజుల్లో, ఆయన మొదటి సినిమాకు ఆ చేయి టక్కున ఆగింది. సినిమా ఆడలేదు, అది వేరే సంగతి. ఆ నేరం వానల మీదికి నెట్టేశాడు.

ఇప్పుడు కూతురు దర్శకురాలైంది. మొదటి సినిమా, ఎడిటింగ్ నాన్నే చేయాలంది. మొదలు ఎలా ఉండాలో మాత్రం తానే చెప్పింది. పొగమంచు, కొండ, సూర్యోదయం, ఆపైన నాయిక బాల్యమంతా చెప్పే గొంతు! ఇంకెవరైనా అయితే కత్తెర ఒక్క వేటు వేసేవాడు. కానీ ఇదివరకు ఆ పిల్ల తీసిన చిన్న సినిమాను "సాగదీశావు" అన్నందుకు చాన్నాళ్లు మాట్లాడలేదు. భోజనాల దగ్గర కూడా "అమ్మా, ఉప్పు ఇటివ్వమని నాన్నకు చెప్పు" అనేది. మళ్లీ ఆ మౌనం భరించే ఓపిక ఆయనకు లేదు. నోరు విప్పకపోతే సినిమా పోతుంది, విప్పితే కూతురు దూరమవుతుంది. పైగా శుక్రవారం సినిమా కొనేవాళ్లు చూడటానికి వస్తున్నారు.

చివరికి భారమంతా బఠానీల మీద వేశాడు. ఆదివారం సాయంత్రం ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. తెర ఇంకా నల్లగానే ఉంది. ఆవిడ చేయి ఆగిపోయింది.

కత్తెర మనసు తేలికపడింది. మరుక్షణమే అనుమానం వచ్చింది.

"ఇంకా ఏమీ రాలేదే! చేయి ఎందుకాపావ్?"

"మీరు చూసేది అదేగా..." అని ఆవిడ నాలుక కరుచుకుంది.

"నీకు తెలుసా?"

"పక్కన మనిషి టీవీ మానేసి నా చేతులకేసి చూస్తుంటే తెలీదా ఏంటండీ? పిల్ల మొదటి సినిమా కదా అని..."

కూతురు రిమోట్ నొక్కి ఆపేసింది. ఇద్దరి చేతా సంగతంతా కక్కించింది. ఆ పిల్ల మొహం కందగడ్డయింది. ఇక తనతో మాటలు బంద్ అనుకున్నాడు కత్తెర.

"అమ్మా, నా మీద ఒట్టు. ఈసారి నిజంగా ఒలువు," అంది కూతురు.

మళ్లీ పెట్టారు. పొగమంచు వచ్చింది, చేయి ఆడుతూనే ఉంది. సూర్యుడు సగం పైకి వచ్చేసరికి ఆవిడ ఒక పుచ్చు గింజను ఏరి పారేసింది కూడా. గొంతు బాల్యం చెబుతుండగా ఇంకో గుప్పెడు కాయలు అందుకుంది. కూతురు తెర చూడటం మానేసి ఆ చేతులనే చూస్తోంది. అంతలో తెరమీద, ఒంటరిగా ఉండే ఒక ఉద్యోగిని ఇంటికొచ్చి తాళంచెవి తీసింది. తాళం తీయకముందే తలుపు లోపలినుంచి తెరుచుకుంది. ముక్కూ మొహం తెలియని ముసలాయన నిలబడి, "ఇంత ఆలస్యమైందేం తల్లీ? భోజనం చల్లారిపోతోంది," అన్నాడు.

సగం చీల్చిన కాయ ఆవిడ వేళ్ల మధ్య అలాగే ఉండిపోయింది.

"ఎవరే ఆయన?" అంది.

కూతురు బొమ్మను అక్కడే ఆపింది. తర్వాత తండ్రివైపు తిరిగింది.

"ఇక్కణ్ణుంచే మొదలుపెడదాం నాన్నా. నువ్వు కోసుంటే ఇల్లు పీకి పందిరేసేదాన్ని. అమ్మ ఒలిచేస్తే ఎవరితో పోట్లాడను?"

శుక్రవారం వచ్చినవాళ్లలో పెద్దాయన చీకట్లో ఫోన్ మీద వేలు ఆడిస్తూ కూర్చున్నాడు. తెరమీద తలుపు తెరుచుకోగానే ఆ వేలు ఆగింది. ఫోన్ జేబులోకి వెళ్లి, సినిమా అయ్యేదాకా బయటికి రాలేదు. కత్తెర కూతురివైపు చూశాడు. ఆ పిల్ల కూడా ఆ వేలినే చూస్తోంది. ఇద్దరికీ నవ్వాగలేదు.

ఇంటికొచ్చాక హాయిగా కాళ్లు చాపుకుని, వంటింట్లోకి కేకేసి అడిగాడు.

"ఇన్నేళ్లలో నాకోసం ఎన్నిసార్లు అలా కావాలని ఆపావు?"

"ఒక్కసారే. మీ మొదటి సినిమాకి."

కత్తెర కాళ్లు దగ్గరికి లాక్కున్నాడు.

"ఊపిరి బిగబట్టి నా చేతులకేసే చూస్తున్నారాయె. మీ మొహం చూస్తే ఒలవబుద్ధి కాలేదు," అంది ఆవిడ.

అయితే వానలది తప్పు కాదన్నమాట. ఆ రోజు ఆ చేయి నిజమే చెప్పి ఉంటే ఈపాటికి తను అన్నయ్య కొట్లో పొట్లాలు కడుతూ ఉండేవాడు. ఆయన కళ్లు చెమర్చాయి. లేచి వంటింట్లోకి వెళ్లి, ఆవిడ పక్కన కూర్చుని, ఒక గుప్పెడు కాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టాడు.