నమిలి కొన్న దాణా

కోవిల్‌పట్టి దగ్గర మా ఊళ్ళో, బండి పందేల కోసం మా నాయన పెంచే ఆడగుర్రం ఆ వేసవిలో గోడ సున్నం నాకడం మొదలుపెట్టింది. జొన్నచొప్ప, ఉలవలు చాలడం లేదనీ, ఖనిజాలూ విటమిన్లూ కలిపిన బ్యాలెన్సర్ గుళికలు రోజూ గుప్పెడు పెట్టమనీ పశువుల డాక్టరు చెప్పాడు.

విరుదునగర్ దుకాణంలో అవి రెండు రకాలున్నాయి. నేను సంచుల మీద అచ్చేసిన రాగి, జింకు అంకెలు పోల్చుకుంటూ ఉంటే, నాయన ఎద్దులకు పత్తిగింజల చెక్క కొనేటప్పటిలాగే రెండింట్లోంచీ చెరో గుళిక అడిగి తీసుకుని నమిలేశాడు.

"ఇది ఒట్టి బెల్లమే పాపా. సత్తు దాంట్లో ఉండాది," అని చేదుగా ఉన్నదాన్ని చూపించాడు.

నాకు ఒళ్ళు మండింది. తీరా చూస్తే రాగి, జింకు ఎక్కువున్నది అందులోనే. నాలుకకు ఎలా తెలిసిందో ఇప్పటికీ అంతుపట్టదు.

గుర్రం మాత్రం రెండు రోజులు వాసన చూసి మూతి తిప్పుకుంది. మూడో రోజు నాయన దాని ఎదురుగా నిలబడి ఒక గుళిక పటపటా కొరికి తిన్నాడు. అది చెవులు నిక్కించి చూసి, తొట్టిలో మూతి పెట్టింది.

అప్పటినుంచీ రోజూ మొదటి గుళిక ఆయనదే. సంచి మీద గుర్రం మోతాదు ఒక్కటే రాసుంది. మా నాయనకు ఎంతో ఏ డాక్టరును అడగను?