తోడి అని రాసిన ప్లేటు

ఆస్తి పోవడానికి ఒక తరం చాలు గాని, ఆస్తితో పాటు వచ్చిన నడక పోవడానికి ఇంకో రెండు తరాలు పడుతుంది. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు వెళ్లిపోయిన ఆ కొత్తల్లో నాకు ఇరవై మూడేళ్లు. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున మా పూర్వులు ఏలిన (ఏలారని మేము చెప్పుకునే) పల్లెల్లో మాకు మిగిలింది ఒక మిద్దె, దాని మీద మొలిచిన గడ్డి, మా జేజి (నాయనమ్మ), నేను. పొట్ట గడవక ప్రొద్దుటూరులో ఒక పత్తి మిల్లులో గుమాస్తాగా చేరాను. చేరాననే మాట కూడా నా నోట వచ్చేది కాదు. ఎవరడిగినా “మిల్లు వ్యవహారాలు చూస్తున్నాను” అనేవాణ్ణి. తాతగారి కోటు నాకు భుజాల దగ్గర రెండంగుళాలు వదులు. కాస్త వంగితే జారేది. కాబట్టి ఏప్రిల్ ఎండలో కూడా కొయ్యకు తగిలించినట్టు నిటారుగా నడిచేవాణ్ణి. అందరూ “ఏందప్పా, యాడికి పోతాండావు?” అని పలకరించుకునే ఊళ్లో నేనొక్కణ్ణే “తమరెక్కడికి వెళుతున్నారు?” అని పుస్తకంలోని మాటల్లో అడిగేవాణ్ణి. మిల్లులో నన్ను ‘దొర’ అని పిలిచేవారు. ఆ పిలుపులో గౌరవమెంతో ఎగతాళి ఎంతో తూచే త్రాసు అప్పటికి నా దగ్గర లేదు. మొత్తం గౌరవం కిందే జమ వేసుకున్నాను.

ఊళ్లో ఒక పఠనాలయం ఉండేది. దాని కార్యదర్శి హైస్కూలు పంతులు ఒకాయన. వానకూ ఎండకూ నీడకూ గొడుగు వదలడు గనక అందరికీ గొడుగు పంతులు. పఠనాలయం వార్షికోత్సవానికి ఆయనకొక కొత్త ఆలోచన వచ్చింది. ఊరి పెద్దమనుషుల్లో నలుగురిని వేదిక మీద కూర్చోబెట్టాలి. ఒక్కొక్కరు తమకు ప్రాణమైన పాట ఒకటి చెప్పాలి. ఆ పాటను గ్రామఫోను మీద వినిపించాక, దాన్ని ఆసరా చేసుకుని వాళ్లు తమ జీవితం సంగతులు నాలుగు చెప్పాలి. బాగానే ఉంది. కాని వకీలు మొదలుకొని మా మిల్లు సావుకారి వరకు నలుగురూ కూడబలుక్కున్నట్టు కీర్తనలే రాసిచ్చారు. ఒకరికి తోడి, ఒకరికి భైరవి, ఇంకొకరికి కల్యాణి. (మా సావుకారికి భైరవి అంటే రాగమో ఆడమనిషి పేరో తెలుసునని నేను ప్రమాణం చేయలేను.) ఊళ్లో ఆ కీర్తనల గ్రామఫోను ప్లేట్లు ఎవరి దగ్గరా లేవు. అప్పుడు పంతులు గొడుగు మూసి నా గదిలోకి వచ్చాడు.

నా గదికే ఎందుకు వచ్చాడంటే, మా తాతగారి సంగీతాభిమానం గురించి వినని చెవి ప్రొద్దుటూరులో ఉండకుండా నేను చూసుకున్నాను గనక. రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే తాతగారు నడింట్లో తలుపులన్నీ వేసుకుని గంటసేపు కీర్తనలు వినేవారు. ఆ గంట వసారా దరిదాపులకు రావడానికి కూడా ఎవరికీ గుండె చాలేది కాదు. గ్రామఫోను మాత్రం మరమ్మతుకు మద్రాసు వెళ్లిందని చెప్పేవాణ్ణి. (నిజానికి పులివెందులలో మా మేనత్తగారి ఇంట పెళ్లికని వెళ్లి, అక్కడే కాపురం పెట్టింది. ఎనిమిదేళ్లుగా నేను దాన్ని మద్రాసులో మరమ్మతు చేయిస్తూనే ఉన్నాను.) ప్లేట్ల పెట్టె మాత్రం ఇంట్లో భద్రంగా ఉంది. ప్రతి ప్లేటు నడుమ ఉండే గుండ్రటి చీటీ మీద తాతగారు తెల్లకాగితం అంటించి, స్వహస్తాలతో రాగం పేరు రాసుకున్నారు. ఎంత క్రమశిక్షణ!

“ఆ పెట్టె ఇప్పిస్తే మా పరువు నిలబడ్తాదప్పా” అన్నాడు పంతులు.

“ఇస్తాను. కాని వేదిక మీద అయిదో కుర్చీ ఉండాలి. మా వంశనామంతో సహా, తాతగారి పేరు చెప్పి, నన్ను పిలవాలి” అన్నాను.

“అట్నే కానీ. కుర్చీదేముంది, బడిలో శానా ఉండాయి.”

ఆ మాటలోని ముల్లు నాకు గుచ్చుకోలేదు. ఆ ఊళ్లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, గుమాస్తాగా కాక తాతగారి మనవడిగా పదిమంది ముందు కూర్చోవాలి. నాకు కావలసిందంతా అదే. ఆదివారం ఊరికి వెళ్లి జేజికి సంగతి చెప్పాను. ఆమె నా ముఖం వైపు కాసేపు చూసి, “తీసకపో నాయనా. ఊరోళ్లందురూ వస్తారా?” అని అడిగి, వస్తారనగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తాతగారు గుర్తుకొచ్చారు కాబోలని నాకూ కళ్లు చెమ్మగిల్లాయి.

పెళ్లిళ్లకు గ్రామఫోను, లౌడ్ స్పీకరు బాడుగకిచ్చే సాయిబు ఒకడుండేవాడు. కార్యక్రమం నాటి సాయంత్రం అతను గ్రామఫోను బిగించి నన్ను పిలిచాడు. “దొరా, ఒక తూరి ఏసి సూస్తాం. పాత ప్లేట్లు, సూది పట్టుకుంటాదో లేదో.”

“మా తాతగారి ప్లేట్లకు పరీక్షలు పెట్టే అవసరం లేదు. ఆయన చెయ్యి తాకిన తర్వాత వాటిని ఎవరూ తాకలేదు” అన్నాను.

“పరీచ్చ కాదప్పా, సూదికి...”

“సూదిని పరీక్షించుకో. మీ ప్లేట్లతో పరీక్షించుకో.”

సాయిబు నా వైపు, తర్వాత ఆకాశం వైపు చూసి, “సరే, మీ ఇష్టం. అల్లా ఉండాడు” అన్నాడు.

బడి ఆవరణ నిండిపోయింది. మొదట వకీలు లేచాడు. మద్రాసులో చదువుకునే రోజుల్లో, వారాలు చేసుకుంటూ, తెల్లవారుజామున వీధి దీపం కింద పుస్తకం పట్టుకుని ఉండగా ఎదురింటి మేడ మీంచి తోడి వినబడేదట. అది వింటే ఆకలి తెలిసేది కాదట. “ఆ నాదమే నన్ను మనిషిని చేసింది. వినండి” అని చూపుడు వేలు ఎత్తి, కళ్లు మూసుకున్నాడు. సాయిబు ‘తోడి’ వేశాడు.

గరగరమని రెండు చుట్లు తిరిగాక ఒక ఆడగొంతు గయ్యిమంది. “ఉప్పేసినావా మొగుడా?” వెంటనే ఒక మగగొంతు, “ఉప్పంటే ఏందే పెండ్లామా!” వెనక హార్మోనియం, తబలా, చిడతలు. నాటకాల కంపెనీ వాళ్ల హాస్యపు పాట అది. పెళ్లాన్ని కూర్చోబెట్టి తానే వంట చేస్తానని బయల్దేరిన ఒక మొనగాడు సంగటి కెలకలేక పడే పాట్లు. వకీలు వేలు ఎత్తినట్టే ఉంది. కళ్లు మాత్రం తెరుచుకున్నాయి.

“ఆపు!” అన్నాను. పొరపాటున ఇంకేదో ప్లేటు వచ్చి ఉంటుందని ‘భైరవి’ వేయించాను. భైరవిలో ఒక తాగుబోతు ఎక్కిళ్ల నడుమ మామగారికి దండాలు పెడుతున్నాడు. ‘కల్యాణి’ వేయించాను. కల్యాణిలో అత్తాకోడళ్లు ఒకరి జుట్టు ఒకరు పట్టుకున్నారు. జనంలో మొదట ఒక కిచకిచ, తర్వాత ఒక అల, ఆ తర్వాత వరద. నేను వేదిక ముందుకు వెళ్లి, గొంతు సవరించుకుని, “మా ఇంటి పనివాళ్లు ప్లేట్లు తారుమారు చేసినట్టున్నారు” అని ప్రకటించాను. (మా ఇంట్లో పనివాళ్లు మానేసి పన్నెండేళ్లు.)

“మీ పనోళ్లు శానా రసికులు దొరా!” అని వెనక నుంచి ఒక కేక.

అప్పుడు మా సావుకారి లేచాడు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన సాయిబు వైపు తిరిగి, “ఆ మొదటిది మళ్లీ ఎయ్. నా బతుకు దాంట్లోనే ఉండాది” అన్నాడు. వయసులో ఉండగా గానుగపిండి బండి తోలుకుని జమ్మలమడుగుకు వచ్చేవాడట. ఒకసారి అక్కడ ఈ నాటకాల కంపెనీ డేరా వేసిందట. టిక్కెట్టు లేక డేరా కింద నుంచి తల దూర్చాడట. “తల లోపల, ఒళ్లు బయట. బయట కావిలోడు బెత్తంతో కొడ్తాండాడు, లోపల నేను నవ్వుతాండా. పాటంతా అయ్యేదాంకా తల ఎనిక్కి తీస్తే ఒట్టు!” ఆవరణ దద్దరిల్లింది. భైరవి గురించి ఆయన మళ్లీ ఎత్తలేదు. వకీలు కూడా తోడి సంగతి వదిలేసి, ఆ వీధి దీపం కింద చదివినది లా పుస్తకం కాదనీ, నాటకంలో ఆడవేషానికి బట్టీపట్టిన పాఠమనీ ఒప్పుకుని, రెండు చేతులూ నడుమున పెట్టుకుని “ఉప్పేసినావా మొగుడా?” అని పాడి చూపించాడు. నలుగురూ అలా ఒకరి తర్వాత ఒకరు పెద్దరికం మడిచి పక్కన పెట్టి, హాయిగా మనుషులయ్యారు.

చివరికి గొడుగు పంతులు మాట తప్పకుండా మా వంశనామం, తాతగారి పేరు, నా పేరు చదివి అయిదో కుర్చీకి పిలిచాడు. ఆ సమయాన నేనొక్క చిరునవ్వు నవ్వి ఉంటే ఊరంతా నన్ను భుజాల మీద మోసేది. నేను నిటారుగా నిలబడి, “మా తాతగారు శాస్త్రీయ సంగీతం తప్ప ఇంకేదీ వినేవారు కారు” అని చెప్పి కూర్చున్నాను. ఆ పూట అన్నిటికంటే పెద్ద నవ్వు దానికే వచ్చింది.

మర్నాడు మొదటి బస్సుకే ఊరికి వెళ్లి, పెట్టె జేజి ముందు దించి, జరిగిన అవమానమంతా చెప్పాను. ఆమె వింటూ వింటూ గోడకు ఆనుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

“నీకు ముందే తెలుసా?”

“నా ప్లేట్లు నాకు తెలీవా?”

“నీ ప్లేట్లా!”

“ఇంగెవురివి? మీ తాతకు పాటంటే తలకాయ నొప్పి. నాకేమో పుట్టినింట్లో ఉన్నప్పటి నుంచి నాటకం పాటలంటే పిచ్చి. దొరల ఇంటి కోడలు అట్లాంటివి వినేది ఎవురన్నా చూస్తే ఇంగేమన్నా ఉండాదా? అందుకే ఆయప్ప రాగాల పేర్లు రాసి అంటిచ్చె. తలుపులేసుకుని కీర్తనలు వింటాండాడని అందురూ అనుకుంటాండ్రి. నేను పెరటి వాకిలి నుంచి వచ్చి కూచ్చుంటాంటి. నేను నవ్వుతాంటే ఆయప్ప మీసం కూడా కదిలిచ్చకుండా, నీ మాదిరే కట్టె మాదిరి కూచ్చోని, నన్నే చూస్తాండె.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు అడిగితివా? కీర్తనలని నువ్వే చెప్తివి. అయినా ఇన్నేండ్లు తలుపులేసుకుని విన్న్యా. ఒక్కతూరి తలుపుల్లేకుండా ఊరోళ్లందురూ వింటే బాగుంటాది అనుకుంటి.” ఆగి, కాస్త బెరుగ్గా అడిగింది. “సంగటి పాటకు బాగా నవ్విరా?”

“నవ్వారు” అన్నాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పడానికి నా అభిమానం ఒప్పుకోలేదు. ఎవరు నవ్వారు, ఎక్కడ నవ్వారు, వకీలు ఎలా పాడాడు, ఇవన్నీ వినాలని ఆమె ముందుకు వంగి కూర్చుంది. నేను కాళ్లు కడుక్కోవడానికి లేచిపోయాను.

ఏడాది తిరిగాక, నేను సెలవు మీద ఊళ్లో ఉండగా, పంతులు ఉత్తరం రాశాడు. ఈసారి నాకు మొదటి కుర్చీ ఇస్తారట, ఆ ప్లేట్లతో సహా తప్పక రావాలట. మా వంశ గౌరవం అందుకు అంగీకరించదని మంచి గ్రాంథికంలో జవాబు రాసి, తపాలా బిళ్ల అంటించి, మెచ్చుకుంటుందని జేజికి చదివి వినిపించాను. ఆమె అంతా విని, “ఎవుర్ని రమ్మన్యారు?” అంది.

“నన్నే.”

“ఆ పాటల గురించి నీకేం తెలుసురా, పోయి చెప్పేకి? నన్ను పిలిచింటే పోయింటి కదా” అని చేటలోని బియ్యంలో రాళ్లేరుతూ, నాతో కాదన్నట్టు, “యాడ మొదులు పెట్టాల్నో కూడా నాకు తెలుసు” అంది.

మా ఇంటి ఆడమనిషి వేదిక ఎక్కడమా అని నేను వెళ్లి ఆ ఉత్తరం డబ్బాలో వేసి వచ్చాను. ఆమె ఎక్కడ మొదలుపెట్టేదో ఆ తర్వాత కూడా అడగలేదు. ఇప్పుడు నాది ఆమె అప్పటి వయసు. తపాలా డబ్బా వైపు అంత ఠీవిగా నడిచిపోతున్న ఆ ఇరవై నాలుగేళ్ల పెద్దమనిషిని తలచుకుంటే నవ్వొస్తుంది. కోపం రాదు. చేయి పట్టి ఆపి, “నాయనా, ఉత్తరం రేపు వేయవచ్చులే, ముందు వెళ్లి ఆమె పక్కన కూర్చో” అనాలనిపిస్తుంది. వాడు వినడనుకోండి, “తమరెవరు?” అని అడుగుతాడు.