లోయ కనిపించడానికి కొట్టిన చెట్టు

షార్జా ఎండకు కుట్టిన పలచటి యూనిఫాంలో లెబనాన్ కొండ మీద దిగాం. అక్టోబరు చివర, మధ్యాహ్నం, సన్నటి వాన. మనిషికో రైఫిల్, రెండు దుప్పట్లు. స్వెట్టర్లు వెనక లారీలో వస్తాయన్నారు. ఆ లారీ మంచు కరిగాక వచ్చింది.

నేను హైదరాబాద్ బార్కస్ వాడిని. మా తాత యెమెన్ నుంచి నిజాం కొలువుకు వచ్చాడు. ఆ అరబ్బు వంశం పేరు చెప్పి ఎమిరేట్స్ పటాలంలో చేరాను. మా కాపలా పోస్టు జీపు డ్రైవర్‌ది జగిత్యాల. పోస్టు మొత్తంలో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. అక్కడి అంతర్యుద్ధాన్ని ఆపడానికి మమ్మల్ని పంపారు. మా కెప్టెన్‌ను చూశాక ఆ ఆశ పోయింది.

పోస్టు ఓక్ అడవిలో. గుండ్లు పడి చెట్లు విరిగినచోట ఆకాశం కనబడేది. అలా వెలుతురు పడ్డ ప్రతిచోటా అడవిద్రాక్ష తీగ లేచింది. మణికట్టంత కాండం. విదేశంలో చదివిన కెప్టెన్ టీ తాగుతూ మాకు పాఠం చెప్పేవాడు.

"పిట్టలు పండు తిని గింజ పారేస్తాయి. మొలక నీడలో కాచుకుని ఉంటుంది. పెద్ద చెట్టు కూలి వెలుతురు రాగానే పక్క చెట్టును పట్టుకుని పైకి పోతుంది. అక్కడి నుంచి కొమ్మ కొమ్మకూ పాకుతుంది. నేలను తాకినచోట మళ్లీ వేళ్లూనుతుంది. చివరికి చెట్లన్నీ ఒకే కట్ట."

అన్నీ తెలుసు మహానుభావుడికి.

జనవరిలో జనరల్ తనిఖీకి వస్తున్నాడని వైర్‌లెస్‌లో కబురు. ఆయన కుర్చీలో కూర్చుని లోయ చూడాలట. అడ్డంగా ఉన్న ఓక్‌ను కొట్టేయమన్నాడు కెప్టెన్.

డ్రైవర్ రంపం పట్టుకుని పైకి చూశాడు. "భాయ్, గీ తీగలన్ని ఎనక చెట్టుకు సుట్టుకున్నయ్. ఆ చెట్టేమో గుండు తాకి సీలింది. ముందుగాల తీగలు కోస్తమని సాబ్‌కు చెప్పు."

అరబ్బీలో చెప్పాను. కెప్టెన్ గడియారం చూసుకున్నాడు. "రేపే జనరల్ వస్తాడు. తీగలకు టైం లేదు. యల్లా, కానివ్వండి!"

ఓక్ లోయ వైపే పడింది. పడుతూ తీగల్ని లాగింది. తీగలు వెనక చెట్టు తలను లాగాయి. "హటో!" అని అరిచాను. డ్రైవర్ తిరిగి చూసేలోగా ఆ చీలిన చెట్టు విరిగి వాడి వీపు మీద పడింది.

వాడి జీపులోనే వాడిని పడుకోబెట్టి నేను నడిపాను. మలుపు దగ్గర "మెల్లగ భాయ్, క్లచ్ ఖరాబైతది" అన్నాడు. ఆసుపత్రి గేటు చేరేసరికి పిలిచినా పలకలేదు.

నేను తిరిగొచ్చేటప్పటికి కెప్టెన్ వైర్‌లెస్‌లో చెబుతున్నాడు: "డ్రైవర్ అజాగ్రత్త. లోయ బాగా కనిపిస్తోంది. ఓవర్."

మర్నాడు జనరల్ వచ్చాడు. లోయ నిండా పొగమంచు. కుర్చీ వేయమని కెప్టెన్ నాకు సైగ చేశాడు.

"మీరే వేసుకోండి సార్. చెట్టు కొట్టించింది మీరే కదా," అన్నాను అందరి ముందూ.

జనరల్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. కెప్టెనే కుర్చీ మోశాడు. మిగిలిన చలికాలమంతా నాకు మరుగుదొడ్లు కడిగే పని. ఆయనకు సెల్యూట్ కొట్టడం కంటే శుభ్రమైన పని.

వేసవిలో షార్జాకు తిరిగొచ్చాం. పటాలం వదిలేశాను. ఇప్పుడు అక్కడే సజ్జా పారిశ్రామికవాడలో ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా. లేబర్ క్యాంపులో కరీంనగర్ వాళ్లు అడుగుతారు: "యుద్ధంల ఎందర్ని సంపినవ్ చాచా?"

"ఎవర్ని సంపలే. మావోన్ని మేమే సంపుకున్నం."

జోకనుకుని నవ్వుతారు.

ఆ రోజు కొమ్మల కింది నుంచి వాడిని లాగుతూ ఒకసారి తల ఎత్తాను. తెగని తీగ ఒకటి ఇంకో చెట్టు నుంచి వేలాడుతూ, ఊగుతూ ఉంది. దాని కొసన చిక్కుకుని వాడి టోపీ.